మొక్రాన్ వాళ్ళ నాన్న బుర్నూస్

మొక్రాన్ మా ఇంటికి వచ్చినప్పుడల్లా చెప్పులు లిఫ్టు దగ్గరే విప్పేసి, కారిడార్ అంతా వట్టి కాళ్ళతో నడిచి వస్తాడు. మా గుమ్మం ముందు విప్పినా సరిపోతుందని ఎన్నేళ్ళుగానో చెబుతున్నాను. సరే అంటాడు, మళ్ళీ అక్కడే విప్పుతాడు. ఒకసారి పక్కింటి ఆంటీ అవి ఎవరో పారేసిన చెప్పులనుకుని చెత్తలో వేయించేసింది. ఆ రోజు నా చెప్పులు వేసుకుని వెళ్ళాడు. మళ్ళీ వచ్చినప్పుడు ఆ నా చెప్పుల్నే లిఫ్టు దగ్గర విప్పాడు. పోయిన నెల కూడా అలాగే వచ్చాడు. చేతుల్లో రెండు సంచులు. ఒకదాంట్లో ఎప్పటిలాగే ఎండు అంజూర పళ్ళు. రెండో సంచీలో ఏముందో అతను చెప్పలేదు, నేను అడగలేదు. కానీ కలరా ఉండల వాసన సోఫా దాకా వచ్చింది. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "అంకుల్, యువర్ బ్యాగ్ సో స్మెల్లీ లా" అని లోపలికి పోయింది. ఆ వాసన నాకు తెలుసు. పాతికేళ్ళ వయసులో ఒక రోజంతా నేను ఆ వాసనలోనే ఉన్నాను.

"అమ్మ పోయింది" అన్నాడు మొక్రాన్. వెళ్ళి అన్నీ జరిపించి వచ్చానని, చివర్లో తనే మోశానని చెప్పాడు. ఆవిడ ఇంట్లో నేను ఉన్నది రెండు రోజులు. రెండు రోజులు చూసిన మనిషికి అంత ఏడుపు ఎందుకు రావాలో లెక్క తేలదు గానీ, వచ్చింది. మా ఆవిడ రమ కాఫీ తెచ్చి ఇచ్చి, మొక్రాన్ ఎదురుగా కాసేపు కూర్చుంది. "నిన్నొకటి అడగాలి" అన్నాడు అతను. "తొందరేం లేదు. ముందు కాఫీ తాగు." మా ఇంట్లో మా కాఫీ నన్ను తాగమని అతను చెప్పడం, నేను తాగడం మా ఇద్దరికీ అలవాటే.

మొక్రాన్ అల్జీరియా వాడు. ఆ దేశంలో ఉత్తరాన కొండల మీద కబైల్ జనం ఉంటారు, అతను వాళ్ళ మనిషి. నేను ప్రొద్దుటూరు వాణ్ణి. మేమిద్దరం ఒకరికొకరు పరిచయం కావడానికి కారణం నూనె సీసాలు. ఐటీ ఊపులో ఉన్న రోజులవి. కంప్యూటరు ముందు కూర్చుని కళ్ళు తెరుచుకుని ఉండగలిగిన ప్రతివాడికీ ఉద్యోగం దొరికేది. నాకు సింగపూర్ సైన్స్ పార్కులో దొరికింది. ఫ్యాక్టరీల్లో ఏ పంపుకి ఎప్పుడు మరమ్మతు చేయాలో చెప్పే సాఫ్ట్‌వేర్ మాది. నా హోదా బ్యాకప్ ఇంజినీరు. అంటే అసలు ఇంజినీరుకి జ్వరం వస్తే అతని బదులు నేను వెళ్ళాలి. సింగపూర్‌లో ఎవరికీ జ్వరం వచ్చేది కాదు. అందుకని నన్ను అసలు ఇంజినీరు వెనకాలే, ఫ్యాక్టరీలు నిండిన జురాంగ్ ఐలాండ్‌కి పంపేవాళ్ళు, ఊరికే ఉండేకన్నా బ్యాగు మోస్తాడు కదా అని. అక్కడి ప్లాంటులో మొక్రాన్ మరమ్మతుల విభాగం చూసేవాడు.

ఆ ప్లాంటు క్యాంటీన్‌లో నాకు తినడానికి తెల్లన్నం తప్ప ఏమీ ఉండేది కాదు. నేను బ్యాగులోంచి శెనక్కాయల పొడి, ఒక చిన్న సీసాలో శెనగనూనె తీసేవాణ్ణి. ఒకరోజు ఎదురుగా కూర్చున్న పొడుగాటి మనిషి కూడా తన బ్యాగులోంచి సీసా తీసి అన్నం మీద పచ్చటి నూనె పోసుకున్నాడు. ఇద్దరం ఒకరి సీసా వైపు ఒకరం చూసుకున్నాం. కంపెనీ మీటింగుల్లో అంత శ్రద్ధగా ఎవరూ నన్ను చూసింది లేదు. "మా అమ్మ చెట్లది" అన్నాడు తన ఆలివ్ నూనె చూపించి. "మా ఊరి గానుగది" అన్నాను నాది చూపించి. సీసాలు మార్చుకున్నాం. ఆలివ్ నూనె నాకు పచ్చి ఆకు నమిలినట్టు అనిపించింది. శెనగనూనె అతనికి ఏమనిపించిందో చెప్పలేదు, కానీ మర్నాడు కూడా అడిగి పోయించుకున్నాడు.

అప్పట్లో సెరంగూన్‌లో ఒక ఫ్లాటు తీసుకుని పెళ్ళి కాని తెలుగువాళ్ళం కలిసి ఉండేవాళ్ళం. ఇల్లు అద్దెకిచ్చిన ఆంటీ మొదటి రోజే "నో హెవీ కుకింగ్ హా" అని ఒట్టు వేయించుకుంది. మేము తాలింపుని హెవీ కింద లెక్క వేయలేదు. ఆదివారం పొద్దున్నే ఒకడు టెక్కా మార్కెట్‌కి పోయి గోంగూర తెచ్చేవాడు, ఒకడు పప్పు ఉడికించేవాడు, నేను రాగి సంకటి కెలికేవాణ్ణి. గోడకి ఆనించిన పరుపులు, ఆరేసిన బనియన్లు, ఇంగువ, అందరూ మార్చి మార్చి వాడుకునే ఒకే ఇస్త్రీ పెట్టె. మొక్రాన్ ప్రతి ఆదివారం వచ్చి ఆ పరుపుల మధ్య కూర్చుని సంకటి ముద్ద చేత్తో తినేవాడు. తిన్నాక కంచం కడిగి బోర్లించేవాడు. మాలో ఎవడూ కడిగేవాడు కాదు, అందుకని అతనంటే మా అందరికీ గౌరవం ఏర్పడింది.

అతని గదికి నేను వెళ్ళినప్పుడు ఒక వింత చూశాను. బీరువా తెరిస్తే సగం బీరువా నిండా మట్టి రంగు ఉన్ని బట్ట ఒకటి వేలాడుతోంది. తలమీద టోపీతో సహా మడమల దాకా వచ్చే దుప్పటి లాంటి అంగీ. దాన్ని బుర్నూస్ అంటారట. అతను చదువుకి ఫ్రాన్స్ వెళ్ళేటప్పుడు బస్సు దగ్గర వాళ్ళ నాన్న ఒంటిమీది బుర్నూస్ తీసి, అక్కడ చలి ఎక్కువంటారు, వేసుకో అని కప్పాడట. నేసింది వాళ్ళమ్మ. సింగపూర్‌లో దాంతో ఏం పని అంటే ఏ పనీ లేదు. కలరా ఉండలు వేసి, ఎడతెరిపి లేని ఉక్కలో బూజు పట్టకుండా నెలకోసారి ఫ్యాను కింద ఆరబెట్టేవాడు. అతను ఫ్రాన్స్‌లో ఉండగానే నాన్న పోయాడు. అల్జీరియాలో అప్పుడు చెడ్డ రోజులు. కొండ దారుల్లో బయల్దేరిన మనిషి చేరతాడో లేదో తెలియని కాలం. రావద్దని అమ్మే చెప్పిందట. వెళ్ళలేదు. ఆ తర్వాత రోజులు బాగుపడ్డా వెళ్ళలేదు. ఎందుకని అడిగితే, ప్రతి శరదృతువులోనూ మరమ్మతుల కోసం ప్లాంటు ఆపేసే షట్‌డౌన్ ఉంటుంది, సెలవు దొరకదు అనేవాడు. మిగతా కాలాల సంగతి నేను అడగలేదు.

ఇలా ఉండగా అసలు ఇంజినీరుకి జ్వరం వచ్చింది. అల్జీరియా తీరాన ఒక ప్లాంటులో మా సాఫ్ట్‌వేర్ పెట్టాలి, టికెట్లు కొనేశారు, అతనేమో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆఫీసులో అందరూ ఒకేసారి నా వైపు తిరిగారు. ప్రొద్దుటూరికి ఫోన్ చేస్తే అమ్మ, "అల్జీరియానా? యాడుంది నాయనా అది? ఆడ పప్పు దొరుకుతాదా?" అంది. మా ఇంట్లో అవ్వ ఉన్నన్నాళ్ళు వీధిలో కోడిగుడ్డు పెంకు కనబడితే పక్క వీధి గుండా తిరిగి వచ్చేది. పొద్దున ఆవుకి గడ్డి పెట్టాకే ఆవిడ నోట్లో నీళ్ళు పోసుకునేది. అలాంటి కోమట్ల ఇంటి నుంచి వచ్చినవాణ్ణి. పప్పు దొరుకుతుందని అమ్మకి చెప్పేశాను, ఫోన్ బిల్లు పెరుగుతోందని.

బయల్దేరే ముందు మొక్రాన్ బుర్నూస్ మడిచి సంచీలో పెట్టి తెచ్చాడు. "సెలవు రోజు మా ఊరు వెళ్ళు. అక్కడ చలి మొదలై ఉంటుంది, వేసుకో. అంచు చిరిగింది, అమ్మకిచ్చెయ్" అన్నాడు. "నువ్వే పోకూడదూ?" అన్నాను. షట్‌డౌన్ అన్నాడు. మళ్ళీ తనే, "నాన్నని మోసిన వాళ్ళంతా అక్కడే ఉంటారు సుబ్బూ. వాళ్ళ ముందు నిలబడటానికి నాకు కాళ్ళు రావు" అన్నాడు. ఆ మాట అన్నందుకు సిగ్గుపడి, నా బ్యాగు జిప్పు సరిగ్గా లేదని దాన్ని బాగుచేయడం మొదలుపెట్టాడు.

ప్లాంటులో సెలవు దొరికిన రోజు కొండ కింద బజారులో నన్ను ఎక్కించుకోవడానికి దహబియా అనే అమ్మాయి వచ్చింది. మొక్రాన్ పెదనాన్న కూతురు, బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఆ రెండు రోజులూ నాకు చెవులూ నోరూ తనే. కారు మలుపు మీద మలుపు తిరుగుతూ పైకి ఎక్కుతుంటే ఆలివ్ చెట్లు, వాటి పైన అంజూర చెట్లు, అన్నిటికన్నా పైన శిఖరం అంచున ఎర్ర పెంకుల ఇళ్ళు ఒకదాని వీపు ఒకదానికి ఆనించి కూర్చున్నట్టు కనబడ్డాయి. మైదానం కింద అంత ఖాళీగా పెట్టుకుని వీళ్ళంతా ఆ కొసకెక్కి ఎందుకు ఇరుక్కున్నారని అడిగాను. "పన్నులు వసూలు చేసేవాళ్ళు ఎక్కలేరని" అంది దహబియా. సందులు బరువు మోసే గాడిద పట్టేంత వెడల్పు. కట్టెల పొగ, నూనె, ఎండుతున్న అంజూర పళ్ళ వాసన కలిసి వస్తుంటే, మా ఊళ్ళో బెల్లం మండీ సందు గుర్తొచ్చింది.

మొక్రాన్ వాళ్ళమ్మ పేరు వర్దియా. నా నోట్లో అది మొదటి పూటే వర్దియమ్మ అయిపోయింది, ఆవిడ అభ్యంతరం చెప్పలేదు. పొట్టి మనిషి. గడప దగ్గరే నిలబడి, నన్ను కాదు, నా చేతిలో సంచీని చూసింది. బుర్నూస్ బయటికి తీసి ముఖానికి ఆనించుకుని, కలరా ఉండల ఘాటుకి తుమ్మింది. మళ్ళీ ఆనించుకుంది. ఆ తర్వాత నన్ను లోపలికి రమ్మంది. ఒకటే పెద్ద గది. గోడ వారగా నిలువెత్తు మట్టి గాదెలు, వాటిమీద సున్నంతో ముగ్గుల్లాంటి గీతలు. ఆవిడ వెడల్పాటి కొయ్య పళ్ళెంలో రవ్వ పోసి, నీళ్ళు చల్లి, అరచేత్తో గుండ్రంగా రుద్దుతూ కూర్చుంది. మా అవ్వ రవ్వ జల్లించేటప్పుడు కూడా చెయ్యి అలాగే తిరిగేది. ఆ రవ్వని చిల్లుల గిన్నెలో ఆవిరి మీద పెట్టింది. ఆవిరి మీద ఉడికేది ఏదైనా సరే నాకు ఇడ్లీకి చుట్టమే. చిక్కుళ్ళు, క్యారెట్లు, పైన ఆలివ్ నూనె వేసి పెట్టింది. నేను మాంసం ముట్టనని కొడుకు ముందే ఫోన్‌లో చెప్పాడట. నేను తింటున్నంతసేపూ దీపం దగ్గర కూర్చుని బుర్నూస్ అంచు కుట్టింది.

నేను చెయ్యి కడుక్కున్నాక దహబియాతో ఏదో అంది. "రేపు మా ఇంటి తరఫున నువ్వు నిలబడాలంటోంది" అంది దహబియా. నేను సరేనన్నాను. మా ఇళ్ళల్లో కడుపునిండా పెట్టిన పెద్దావిడ ఏదైనా అడిగితే ముందు సరే అనేసి, అదేమిటో తర్వాత కనుక్కుంటాం. ప్రాజెక్టులు కూడా నేను అలాగే ఒప్పుకునేవాణ్ణి. అప్పుడు దహబియా నింపాదిగా వివరం చెప్పింది. దుక్కులు మొదలయ్యే ముందు ఊరంతా కలిసి ఎద్దుల్ని కొని, కోసి, మనిషికింత అని ప్రతి ఇంటికీ పంచుతారు. ఉన్నవాడికీ అంతే, లేనివాడికీ అంతే. చంటిపిల్లకీ ఒక వాటా, ఆ రాత్రికి ఊళ్ళో ఉన్న అతిథికీ ఒక వాటా. ఊరి మధ్య అందరూ కూడితే పెద్దలు ఒక్కో ఇంటి పేరు పిలుస్తారు. ఆ ఇంటి మగమనిషి నిలబడి ఇంట్లో ఎందరో చెప్పి, వాటా అందుకుంటాడు. అలా పిలిచినదే ఇల్లు. భర్త పోయి, కొడుకు రాని ఆడమనిషిని బావగారి ఇంట్లో కలిపేస్తారు. వర్దియమ్మ వాటా ఇన్నేళ్ళుగా దహబియా వాళ్ళ నాన్న ఇంటి కుప్పలో కలిసి వస్తోంది. "మా నాన్న ఆవిడకి మంచి ముక్కలే పంపిస్తాడు" అంది దహబియా. "ఆవిడకి ముక్కలు కాదు కావాల్సింది. తన గుమ్మాన్ని పిలవాలి. ఈ ఏడూ పిలవకపోతే ఇక పిలవరు. మొక్రాన్‌కి ఊరికి రావడానికి ఇల్లంటూ ఉండదు."

నేను ఎద్దుల దగ్గరే ఆగిపోయాను. మా అవ్వ పై లోకంలో ఎక్కడుందోగానీ ఆ క్షణాన నావైపు తిరిగి కూర్చుందని మాత్రం నాకు తెలిసింది. కాదని చెబుదామనే నోరు తెరిచాను. వర్దియమ్మ దారం పళ్ళతో కొరికి తెంపి, కుట్టిన అంచు నాకు చూపించింది. బాగుందన్నాను.

మర్నాడు పొద్దున ఆవిడే నాకు బుర్నూస్ తొడిగింది. మొక్రాన్ వాళ్ళ నాన్న నాకన్నా జానెడు పొడుగు, అంచు నేలమీద ఈడుస్తోంది. దాని కింద నాకున్న ఒకే ఒక్క మంచి తెల్ల చొక్కా, జేబుకి ఆఫీసు కార్డు. కార్డు తీసేయడం మరిచిపోయాను, తీయమని ఎవరూ చెప్పలేదు. ఊరి మధ్య రాళ్ళు పరిచిన చోట ఆకులు పరిచి, వాటిమీద మాంసం కుప్పలు పెట్టారు. ఒక ముసలాయన కుప్ప కుప్ప దగ్గరా వంగి ఒక్కో ముక్క ఇటు తీసి అటు వేస్తున్నాడు. నేను ఆకుల వంక చూస్తూ నిలబడ్డాను. పేర్లు పిలవడం మొదలైంది. పిలుస్తున్నది దహబియా వాళ్ళ నాన్న, దా అక్లీ. దా అంటే అక్కడ పెద్దవాళ్ళని పిలిచే మాట, మన అన్న లాంటిది. తన ఇంటి పేరు వచ్చేసరికి ఆయన అలవాటుగా తమ్ముడి భార్యని కూడా కలిపి చెప్పబోయి నన్ను చూశాడు. నన్నంటే నన్ను కాదు. బుర్నూస్‌ని. ఆయన నోట మాట ఆగింది. తమ్ముడు వేసుకుని తిరిగిన బట్ట అది.

అక్కణ్ణుంచి మీటింగు మొదలైంది. పరాయి మనిషి నిలబడొచ్చా, పరాయి మతం వాడు నిలబడొచ్చా, కొడుకు పంపితే వచ్చాడా, ఊరికే వచ్చాడా. ఒకాయన ఒప్పుకోనన్నాడు, ఇంకొకాయన అతనికి అడ్డం చెప్పాడు, మూడో ఆయన ఇద్దరికీ సంబంధం లేనిది ఎత్తుకున్నాడు. సైన్స్ పార్కులో నేను ఇలాంటివి చాలా చూశాను కాబట్టి కంగారు పడలేదు. ఎండ ఎక్కింది, ఈగలు వచ్చాయి. ఆడవాళ్ళు పైన వాకిళ్ళలోంచి చూస్తున్నారు, వాళ్ళలో వర్దియమ్మ ఎక్కడుందో నాకు కనబడలేదు. ఉన్ని బట్టలో చెమటలు కారుతున్నాయి. చివరికి దా అక్లీ నా దగ్గరికి వచ్చి అంచు పట్టుకుని, కొత్త కుట్టు మీద బొటనవేలు రాసి చూశాడు. "నిన్నెవరు పంపారు?" అని కూతురి చేత అడిగించాడు. "మొక్రాన్" అన్నాను. "వాడెందుకు రాలేదు?" అన్నాడు. షట్‌డౌన్ అని చెప్పాలి నిజానికి. "మీరంతా వాళ్ళ నాన్నని మోశారు, తను మోయలేదు. మీ ముందుకు రావడానికి సిగ్గుపడుతున్నాడు" అన్నాను. దహబియా నావైపు ఒకసారి చూసి, అది ఉన్నదున్నట్టు వాళ్ళ మాటలో చెప్పింది. దా అక్లీ వెనక్కి తన చోటికి వెళ్ళి నిలబడి, పెద్ద గొంతుతో మొక్రాన్ ఇల్లు అని పిలిచాడు. నాకు ఒళ్ళు జలదరించింది. నా ఇల్లు కాదు, నా ఊరు కాదు, అయినా జలదరించింది.

"ఇంట్లో ఎందరు?" అన్నాడు. నేను చెప్పేలోగా పైనుంచి ఒక ఆడ గొంతు వచ్చింది. నా మాట చెప్పడానికి తనకొక్కదానికే ఒప్పుకున్నారని, మిగతా ఆడవాళ్ళు అక్కడ మాట్లాడరని దహబియా నాకు ముందే చెప్పింది. ఆ గొంతు మాట్లాడింది. తను, కొడుకు, ఈ అబ్బాయి. దా అక్లీ తల పైకెత్తలేదు, విననట్టే ఉండి, మూడు వాటాలు బుట్టలో వేయించాడు.

ఆ బుట్ట నేను మోశాను. దగ్గరి దారి ఒకటి ఉంది గానీ అటు వద్దని, బావి మీదుగా అన్ని గుమ్మాల ముందు నుంచీ రమ్మని వర్దియమ్మ కబురు పెట్టింది. ఒక చేత్తో బుట్ట, ఇంకో చేత్తో కాళ్ళకి అడ్డం పడుతున్న బుర్నూస్ అంచు పట్టుకుని ఎక్కాను. బుట్టలోంచి కారింది చొక్కాకి అంటింది. ప్రతి గుమ్మంలోనూ ఎవరో ఒకరు నిలబడి ఏదో ఒక మంచి మాట అంటున్నారు, నేను తల ఊపుతున్నాను. అవ్వకి మనసులోనే దండం పెట్టుకుని, నేను మోస్తున్నది మాంసం కాదు, ఒక ముసలావిడ ఇల్లని చెప్పుకున్నాను. అవ్వ ఒప్పుకుందో లేదో తెలియదు. వర్దియమ్మ గడప మీదే ఉంది. బుట్ట దించగానే, "అమ్మా, నేనిది తినను, నా వాటా ఎందుకు తీసుకున్నావు?" అన్నాను. దహబియా అది వాళ్ళ మాటలో చెప్పగానే ఆవిడ కోపంగా చూసింది. "తినమని ఎవరన్నారు? వాటా లెక్కలో ఉండటానికి. తినడం వేరే సంగతి" అంది. నా వాటా తీసి వాళ్ళ బావగారి ఇంటికి పంపించింది. ఇన్నేళ్ళూ అక్కణ్ణుంచి ఇటు వచ్చింది, ఆ రోజు ఇక్కణ్ణుంచి అటు వెళ్ళింది. దానికి బదులు గాదెలోంచి అంజూర పళ్ళు తీసి, నా బ్యాగు జిప్పు మళ్ళీ పాడయ్యేదాకా కుక్కింది. బుర్నూస్ విప్పించుకుని మేకుకి తగిలించింది.

సింగపూర్ తిరిగి వచ్చాక క్యాంటీన్‌లో మొక్రాన్ అడిగిన మొదటి మాట, "పిలిచారా?" అని. పిలిచారన్నాను. "ఏమని?" అన్నాడు. "మొక్రాన్ ఇల్లు అని. మీ పెదనాన్నే పిలిచాడు." అతను అన్నం మీద నూనె పోసుకుంటూ అలాగే పోస్తూ ఉండిపోయాడు, పళ్ళెం నిండిపోయింది. అందరి ముందూ ఏడ్చాడు. ఆ మరుసటి ఏడు షట్‌డౌన్ ఉన్నా అతనికి సెలవు దొరికింది. అప్పట్నుంచీ వీలున్నప్పుడల్లా వెళ్ళి వస్తూ, ప్రతిసారీ నాకు అంజూర పళ్ళు తెచ్చి అమ్మ ఇచ్చిందనేవాడు. ఈ సంగతి మా అమ్మకి నేను చెప్పలేదు. రమకి పెళ్ళయిన చాన్నాళ్ళకి చెప్పాను. అంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే, చొక్కా మరక పోయిందా అని. పోలేదు.

సెరంగూన్‌లోనే ఉన్నాం ఇప్పటికీ, సొంత ఫ్లాటులో. ఆ పరుపుల ఇల్లు ఉన్న బ్లాకు కనబడేంత దూరం. కలిసి సంకటి తిన్నవాళ్ళు తలా ఒక దేశంలో స్థిరపడి, పండగలకి ఫోన్‌లో దీపాల బొమ్మలు పంపుతారు. పక్కింటి ఆంటీకి నా పేరు తెలియదు, నాకు ఆవిడ పేరు తెలియదు, ఇద్దరం ఒకరికొకరం చాలా మర్యాదగా ఉంటాం. ప్రొద్దుటూరులో రేషన్ కార్డులోంచి నా పేరు ఎప్పుడో తీసేశారు. ఓటర్ల జాబితాలో ఉన్న సుబ్బరాయుడు వేరే ఆయన. ఇక్కడేమో ఉండటానికి అనుమతి గడువు తీరినప్పుడల్లా మళ్ళీ అడుగుతున్నాను, వాళ్ళు మళ్ళీ ఇస్తున్నారు. ఇందులో నాకు పెద్ద బాధ ఉందని ఇన్నాళ్ళూ అనుకోలేదు. జీతం వస్తుంది, లిఫ్టు పనిచేస్తుంది.

కాఫీ అయ్యాక మొక్రాన్ రెండో సంచీలోంచి బుర్నూస్ తీసి సోఫా మీద పరిచాడు. అంచున అదే కుట్టు. "ఇల్లు మూసేద్దామని వెళ్ళాను" అన్నాడు. "నా మోకాళ్ళు పోయాయి. నా పిల్లలు ఇక్కడి పిల్లలు, వాళ్ళు రారు. ఈ ఏడు పిలిచినప్పుడు లేచి, ఇక ఈ ఇంటిని పిలవకండి, పెదనాన్న పిల్లల ఇంట్లో కలిపేయండి అన్నాను. దా అక్లీకి కళ్ళు కనబడవు ఇప్పుడు, తీసుకొచ్చి కూర్చోబెడతారు. ఇంట్లో ఎందరు అని అడిగాడు. అమ్మ పోయింది, నేనొక్కణ్ణే అన్నాను. తప్పు చెబుతున్నావన్నాడు."

"ఎందుకు?"

"అమ్మ ప్రతి ఏడూ నీ వాటా తీసుకుంది సుబ్బూ. నేనున్నా, లేకపోయినా. ఆ మాంసం పక్కవాళ్ళకి ఇచ్చి, బదులు అంజూర పళ్ళు తీసి పెట్టేది. నువ్వు తింటున్నది అవే."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు" అన్నాడు. "ఇంట్లో ఇద్దరున్నారు, ఒకడు మూసేస్తానంటే సరిపోదు, రెండోవాణ్ణి అడిగి రా అన్నారు. అందుకే వచ్చాను."

నేను అంజూర పండు ఒకటి తీసి కొరికాను. పాతికేళ్ళుగా ఏ శరదృతువులోనూ నేను గుర్తు చేసుకోని ఒక కొండ మీద, నా పేరు మీద ఆకులో ఒక కుప్ప పెడుతూ వచ్చారు. నేను లేనని ఎవరూ అనలేదు. వర్దియమ్మ ఇక లేదు. ఆ గుమ్మం ముందు ఆవిడ నిలబడి ఉండటం, దారం పళ్ళతో తెంపడం కళ్ళముందు ఆడుతుంటే సగం పండు చేతిలోనే పట్టుకున్నాను. మొక్రాన్ నా ముఖం వంక చూడకుండా బుర్నూస్ మడతలు సవరిస్తున్నాడు, ఒకప్పుడు నా జిప్పు బాగుచేసినట్టే. ఏదో ఒకటి చెప్పాలి, అతను ఎదురు చూస్తున్నాడు.

రమ కప్పులు తీసుకుపోతూ ఆగి, ఆ ఉన్ని బట్ట అంచు పట్టుకుని పొడవు చూసింది. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"ఇది ఒక జానెడు మడిచి కుడతాలే" అంది. "ఈ తూరి మాత్రం తెల్ల చొక్కా వేసుకోని పోవద్దు."